లోపలి నడికట్టు

రెండువేల ఎనిమిది. హోసూరులో ఓ మేడమీద పిలాటిస్ అనే వ్యాయామం నేర్పే అమ్మాయి చాపలు పరుస్తోంది. అత్తిముగం నుంచి వచ్చే పెద్దావిడ సంచి నిండా అనపకాయలతో మెట్లెక్కి వచ్చింది. రెండు నెలల కిందట ఆమెను కోడలు చెయ్యి పట్టుకుని ఎక్కించింది.

“ఒక్కరే వచ్చినారా అవ్వా? కోడలు యాడ?”

“చేనుకాడ ఉంది. నిన్న దాంతో సమంగా నేనూ వంగి రాగి కోసినానమ్మా.”

“నడుము నొయ్యలేదా?”

“లేదు. డాక్టరు చెప్పినాడని నడిచినాను, కాళ్ళు గట్టిపడినాయి. టీవీలో చూసి యోగా చేసినాను, ఒళ్ళు సాగింది. నడుము మాత్రం అట్లే ఉండె. నీ దాంట్లో ఏముందో నిన్న చేన్లో తెలిసింది.”

“ఏముందవ్వా?”

“ఊపిరి వదులుతా కడుపు లోపలికి లాక్కోమంటావే, అది బాలింతకు కట్టే నడికట్టే. గుడ్డ లేకుండా లోపలినుంచి కట్టుకునేది.”

అమ్మాయికి నవ్వొచ్చింది. ఇంత తేలిగ్గా తానెప్పుడూ ఎవరికీ చెప్పలేకపోయింది.

“మీకెవరు కట్టినారు?”

“మా అత్త. మూడు కాన్పులకూ పాతచీర చించి ఆమే కట్టింది. ఆమె పోయినంక నా నడుము సంగతి అడిగినోళ్ళు లేరు.”

పెద్దావిడ సంచి అమ్మాయి చేతుల్లో పెట్టింది.

“ముప్పై ఏండ్లకు మళ్ళా నువ్వు కట్టినావు తల్లీ.”