కుడిచేతి కత్తి

శాక్రమెంటో నది వరదగోడ మీద పింగాణీ ముక్కలతో కొత్తగా అతికించిన బొమ్మ: పాత చేపల ఫ్యాక్టరీలో బల్ల దగ్గర వరసగా నిలబడి చేపలు కోస్తున్న ఆడవాళ్లు. రిబ్బను కోయడానికొచ్చిన ఇదలీనా, ఆమెని వెంటబెట్టుకొచ్చిన కూతురు, ఆ బొమ్మ చేసినవాళ్లలో ఒకరైన గ్రాసా దాని ముందు నిలబడి ఉన్నారు.

“ఛీ! అందరూ అలా పళ్లికిలిస్తున్నారేమిటే? చేపల కంపులో నిలబడి నవ్వేదెవరు?”

“మెల్లగా అమ్మా! మేయరుగారు వింటారు.”

“విననీ. ఫిలిప్పీనోలనీ, మన పోర్చుగీసు వాళ్లనీ ఒకే బల్ల దగ్గర పెట్టారు. ఆ రోజుల్లో వాళ్లకి వేరే షెడ్డు, వేరే పంపు. ఇప్పుడేమో అందరం అక్కచెల్లెళ్లం! అసహ్యం వేస్తోంది.”

“పండగపూట అవన్నీ ఎందుకు? అదిగో, అమ్మమ్మ ఎంత బాగా కుదిరిందో చూడు. నువ్విచ్చిన ఫోటో చూసే చేశాం.”

“చూసే చేశారా? మరి ఆ వరసలో ఆడవాళ్లంతా ఎడమచేత్తో కోస్తున్నారేం?”

“అదా... ముక్కల్ని కాగితం మీద బోర్లా అంటించి, తర్వాత తిప్పి గోడకి అతికిస్తాం. బొమ్మని ముందే తిరగేసి గీసుకోవాలి. మర్చిపోయాం.”

“ఫ్యాక్టరీ పేరు మాత్రం తిన్నగానే ఉందే?”

“అక్షరాలు తిరగబడ్డాయని ఊడదీసి మళ్లీ పెట్టాం.”

“ఓహో. అక్షరాలు కనబడ్డాయి, మనుషులు కనబడలేదు.”

“ఏ చేత్తో కోస్తే ఏంటమ్మా! అయినా అమ్మమ్మది సరిగ్గానే ఉందిగా, కుడిచెయ్యి.”

“సరిగ్గా ఉందా?”

“ఎడమచేతికి మూడు వేళ్లు లేవుగా ఆవిడకి. పుట్టుకతోనే అన్నావు.”

“అన్నాను. అలా చెప్పమంది ఆవిడే.”

“చెప్పమనడమేంటి?”

“అన్నీ తిరగబడ్డాయన్నావు కదా. ఫోటోలో ఆవిడ ఏ చేత్తో కోస్తోంది?”

“ఫోటోలో... ఎడమచేత్తో. అమ్మమ్మది ఎడమచేతివాటమా?”

“ఆ వరస మొత్తానికీ ఆవిడొక్కతే. మోచెయ్యి పక్కదానికి తగులుతోందని ఫోర్‌మన్ రోజూ తిట్టేవాడు.”

“అమ్మా, పిలుస్తున్నారు. కత్తెర కూడా తెచ్చారు.”

“నేను ముట్టను. వాళ్లనే కోసుకోమను.”

“అందరూ చూస్తున్నారే!”

“చూడనీ. ఓ పొద్దున ఆ ఫోర్‌మన్ వచ్చి, కుడిచేత్తో కోస్తావా, ఇంటికి పోతావా అన్నాడు. అప్పటికి నేను చంటిపిల్లని. ఎక్కడికి పోతుంది? సరేనని కత్తి చెయ్యి మార్చింది.”

“ఆ తర్వాత?”

“తర్వాతేముంది, చేప కంటే ముందు దాన్ని పట్టుకున్న ఎడమచేతి వేళ్లు తెగాయి. మా అమ్మ జన్మలో కుడిచేత్తో కత్తి పట్టింది ఆ ఒక్కపూటే. వెతికి వెతికి ఆ పూటనే గోడకెక్కించారు, అదీ నవ్వుతున్నట్టు.”