వట్టివేరు తడక

"నానమ్మా, పూలు లేవు, కాయలు లేవు, బాల్కనీల గీ గడ్డి కుండీ ఎందుకే? పీకేస్తా."

వద్దు బిడ్డా, చెయ్యి తియ్యి. కూసో, చెప్తా. గది ఉత్త గడ్డి కాదు, వట్టివేరు. నేను మీ తాత ఇంటికొచ్చిన్నంటే దాని పున్యమే. నవ్వకు, నిజం.

గప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్ల రేకుల రూముల కిరాయికుంటిమి. మా నాయన నల్లగొండ దిక్కునుంచి వచ్చి లారీ నడుపుతుండె. ఎండకాలం ఆ రూము పొయ్యి మీది పెనమే అనుకో. నన్ను చూడనీకె ఒచ్చినోళ్లు చెమట తుడుసుకుంట నీళ్లు తాగి లేసిపోయిండ్రు, మల్ల కబురు లేదు. ఒకలు కాదు, ఇద్దరు. మా అమ్మకు ఒకటే పరేషాన్. గప్పుడు తుర్కయంజాల్ నుంచి మీ తాతోళ్లు ఒస్తమన్నరు.

మా నాయన ఏం జేసిండు, ఊరికి పోయి వాగు ఒడ్డుకున్న వట్టివేరు తవ్వుకొచ్చిండు. గడ్డి మనిషెత్తు ఉంటది గని, సొమ్మంత కింద వేర్లల్లనే. ఆ వేర్లు కడిగి, వెదురు బద్దలకు అల్లి, తడక జేసి కిటికీకి కట్టిండు. నీళ్లు జల్లితే లోపలికి సల్లటి గాలి, కమ్మటి వాసన, తొలివాన పడ్డట్టు... ఏం చెప్తున్న? ఆఁ, వాళ్లొచ్చిండ్రు.

నన్ను చూసుడు అయినంక నేను బయటికి పోయి తడక మీద చెంబుతోని నీళ్లు జల్లుతున్న. లోపల మా అత్త, మీ తాత తల్లి, మెల్లగ అంటుంది, "రేకుల ఇల్లు, ఇదేం సంబంధం, లే పోదాం." చెంబు కింద పెట్టి తడకకు చెవి ఆనిచ్చిన. మీ తాత నాకు నచ్చిండు మరి, చెప్పనీకె సిగ్గేంది. తొంగి చూస్తే మా మామ గోడకు ఒరిగి గుర్రు పెడుతుండు.

పెద్దమనిషిని ఎవరు లేపుతరు? మా అత్త చేతులు పిసుక్కుంట కూసున్నది. సంబంధం ఖాయం కాంది పిల్లోళ్లింట్ల అన్నం ముట్టరు గద మన దిక్కు, ముట్టిండ్రంటే మాటిచ్చినట్టే. పొద్దు గూకే యాళ్లకు మా మామ లేసి, "ఆకలైతుంది, అన్నం పెట్టుండ్రి" అన్నడు. మా అమ్మ ఉరికింది. ముద్ద నోట్ల పెట్టుకొని, "ఇగ ముహూర్తం చూడుండ్రి" అన్నడు.

పెళ్లైనంక చూస్తే, ఆయన పగటిపూట కన్ను మూస్తే ఒట్టు. ఒకనాడు అడిగిన, "మామా, గా దినం నిద్ర ఎట్ల పట్టింది?" ముసిముసి నవ్విండు. "నిద్ర ఏడిది బిడ్డా. పిల్ల కోసం ఆ తడక అల్లిన ఇల్లు ఇడిసి ఎట్ల పోత? కండ్లు తెరుస్తే మీ అత్త తోల్కపోతుండె."

నీకు సుత గసొంటి మామ దొరకాలె, సల్లగ ఉండు. ఇగ పీకుడు గీకుడు బంద్ వెట్టి, జర ఆ కుండీల నీళ్లు పొయ్యి. నిండుగ పొయ్యి, దానికి నీళ్లంటేనే పానం...