ఎదురుగాలిలో జంట సైకిలు

(అయర్లండ్ పడమటి తీరం. ఎదురుగాలి, వాన. చూపు లేనివాళ్ళకి దారి చూపే కుక్కల కోసం విరాళాలు పోగు చేస్తూ, ఇద్దరన్నదమ్ములు జంట సైకిలు మీద దేశం ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకి పోతున్నారు. ముందు, హ్యాండిలు పట్టుకుని తమ్ముడు లోర్కన్. వెనక, చూపు లేని అన్న ఫింటన్.)

"మళ్ళీ గుంతలో దించావు."

"వాన అన్నా. కళ్ళలో కొడుతోంది."

"నిన్నా వానే. నిన్న ఇన్ని గుంతలు లేవు."

"నిన్నటి రోడ్డు వేరు, ఇవాళ్టి రోడ్డు వేరు. తొక్కు. నువ్వు తొక్కట్లేదు."

"నేను తొక్కకపోతే ఈపాటికి వెనక్కి పోతుండేవాళ్ళం. ఎడమ పక్క ఏముంది?"

"వాన."

"వాన వెనక?"

"ఇంకో వాన."

"ఒరేయ్ లోర్కన్, సరిగ్గా చెప్పి చావు."

"ఉండు... కొండ. సగం దాకా మబ్బు. కింద గొర్రెలు. ఒకదాని వీపు మీద నీలం రంగు పూసి..."

"రోడ్డు, రోడ్డు! గడ్డిలోకి పోతున్నావు!"

"నువ్వే కదా చూడమన్నావు!"

"చూడమంటే తలకాయంతా తిప్పాలా? కంటి చివర్నించి చూడలేవా?"

"హాయిగా పొద్దున చారిటీ వాళ్ళ బస్సెక్కుంటే పోయేది. మనతో సైకిళ్ళ మీద బయల్దేరినవాళ్ళందరూ ఎక్కారు. ఆ జర్మనీ కుర్రాళ్ళు కూడా నోరు మూసుకుని ఎక్కారు. తుఫానొస్తోంది బాబూ, దండం పెడతాను ఎక్కండి అని చారిటీ ఆవిడ ఎంత బతిమాలింది? నువ్వు వింటేగా."

"ఇది తుఫానా? మన ఊళ్ళో దీన్ని బట్టలారే గాలి అంటారు."

"ఆరతాయి. ఆరి పక్క ఊళ్ళో దొరుకుతాయి."

"కుడి పక్క ఏముంది?"

"చంపుతున్నావన్నా."

"ఏమైందిరా నీకు? మూడ్రోజుల్నించీ చూస్తున్నా, ప్రతిదానికీ కస్సుమంటున్నావు."

"ఏం కాలేదు."

"ఏం కాలేదంటే ఏదో అయింది."

"ఏం కాలేదన్నానా! చైను పడింది. దిగు, దిగు. ఎడమకి దిగు. గోడ ఉంది, పట్టుకో. చర్చి గోడ."

"గోడంటే గుర్తొచ్చింది. ఒక్క నిమిషం, పని చూసుకుంటా."

"చర్చి గోడకా?"

"బయటి వైపే కదా. దేవుడు లోపలుంటాడు."

"కానీ, తొందరగా కానీ... అయిందా? చైనెక్కింది. రా, కూర్చో. ఎక్కావా?"

"ఆఁ... ఉండు, గ్లౌజు గోడ మీద..."

"సరే, పోదాం. పట్టుకో!"

"..."

"అబ్బ! చూశావా, గాలి తగ్గింది! బండెంత తేలిగ్గా పోతోందో! ఇందాకటి దాకా రాళ్ళబస్తా లాగినట్టుంది. ఏంటి, అలిగావా? అలుగు. మంచిదే. నువ్వు నోరు మూసుకుంటేనే నేను చెప్పగలను. విను అన్నా, అడ్డు రాకు. మార్చిలో గాల్వే పట్నం వెళ్ళా కదా, ట్రాక్టరు సామాన్లకని? ట్రాక్టరు లేదు, ఏం లేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళా. నీకొచ్చిందే నాకూ వచ్చింది. పక్కలు పోతున్నాయి. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. గొట్టంలోంచి చూసినట్టు. వానలో అదీ సరిగ్గా లేదు. ఇంట్లో మా ఆవిడ మ్యూరియల్‌కి కూడా చెప్పలేదు. నీకు చెప్దామంటే... నన్ను నమ్మి వెనక కూర్చున్నావు. నన్నంత నమ్మినవాడు ఇంకోడు లేడు. భయంగా ఉందన్నా. నువ్వు జోకులేసుకుంటూ బతికేస్తావు. నా వల్ల కాదు. ఏదో ఒకటి అను. పోనీ తిట్టు. ఇంత మౌనమేంటన్నా, ఎప్పుడూ లేనిది?"

"ఏమయ్యా! ఓ సైకిలాయనా! ఆగు! ఎంత హారను కొట్టినా వినపడదా?"

"ఎవరమ్మా నువ్వు?"

"బ్రెడ్డు వ్యానుదాన్ని. నీలో నువ్వే అరుచుకుంటూ పోతున్నావేంటి?"

"నాలో నేను కాదు, మా అన్నతో."

"ఏ అన్న?"

"వెనకున్నాడుగా."

"వెనకెవరున్నారయ్యా? సీటు మీద వాన కురుస్తోంది."

"ఆఁ? అయ్యో... అయ్యో దేవుడా! అన్నా!"

"పసుపు రంగు కోటు మనిషేనా? చూపు లేనాయన?"

"ఆయనే! ఎక్కడున్నాడు? బాగున్నాడా?"

"బాగుండటమా? చర్చి గోడ మీద కూర్చుని పాట పాడుతున్నాడు. వ్యానెక్కవయ్యా అంటే ఎక్కనన్నాడు. వాడే వస్తాడు, వాడే రావాలి అన్నాడు. జామ్ బన్ను ఇస్తే ఇంకోటి అడిగాడు. నీ కోసమే బండి తిప్పుకొచ్చా."

"నీకు పుణ్యం ఉంటుంది తల్లీ. వెళ్తున్నా."

"వెళ్దువుగానీ, ఒక మాట. ఇందాక ఎదురొస్తూ స్టీరింగు మీంచి వేలెత్తి పలకరించా. ఈ రోడ్లో ఎవరెదురైనా ఎత్తుతాం. నువ్వు కనీసం తలైనా ఊపలేదు. అంత పొగరు పనికిరాదు నాయనా."

"చూళ్ళేదమ్మా. ఒట్టు. చూళ్ళేదు."

"..."

"అన్నా! వచ్చేశా అన్నా! దెబ్బలేం తగల్లేదు కదా?"

"తగిలింది, మనసుకి. కన్నకొడుకులా పెంచుకున్న తమ్ముడు నన్ను చర్చి గోడకి దానం చేసి పోయాడు."

"బండి తేలికైతే గాలి తగ్గిందనుకున్నా."

"తగ్గింది గాలి కాదురా, నేను! ఇన్నాళ్ళకి నా బరువు తెలిసిందా? దా, ఈ బన్ను సగం తిను. దారంతా ఏం మాట్లాడావు?"

"ఏం లేదు."

"నువ్వు? నోరు మూసుకుని?"

"అన్నా, బస్సుకి ఫోన్ చేద్దాం. నేను నడపలేను. నడపకూడదు. నాకు... నా కళ్ళు..."

"తెలుసు."

"ఏం తెలుసు? నీకేం తెలుసు?"

"లోర్కన్‌కి పొగరెక్కింది, కార్లోంచి వేలెత్తితే తిరిగి ఎత్తట్లేదు అని ఊరంతా చెప్పుకుంటున్నారు. పొగరు మన ఇంటా వంటా ఉందట్రా? నాన్న శవపేటిక వెనక ఏడుస్తూ నడుస్తూ కూడా ఎదురొచ్చిన ట్రాక్టరుకి వేలెత్తినవాడివి నువ్వు. అలాంటివాడు ఎత్తట్లేదంటే కనపడక. నాకూ అలాగే మొదలైంది."

"ఎప్పట్నించి తెలుసు?"

"చలికాలం నుంచి."

"తెలిసీ నా వెనక కూర్చున్నావా? పిచ్చెక్కిందా? ఇద్దరం చచ్చేవాళ్ళం!"

"ఎండలో ఎదురుగా బానే కనిపిస్తుందిగా నీకింకా. ఇవాళ మాత్రం తప్పు నాదే. వానొస్తే ఉన్నదీ మసకబారుతుందని మర్చిపోయా. ఫోన్ చెయ్, బస్సు రమ్మను. వాన వెలిసే దాకా అందులోనే."

"ఈ మాట పొద్దున అనుంటే? ఎక్కనంటే ఎక్కనని అంత గొడవ చేశావే!"

"బస్సు అద్దాలకి ఆవిరి పడుతుంది. ఏం కనపడుతుంది?"

"కనపడితే నీకేంటి, కనపడకపోతే నీకేంటన్నా?"

"నాకేం లేదు."

"మరి?"

"చూపు పోతుందని డాక్టరు చెప్పిన రోజున నేను తలుపేసుకుని కూర్చున్నానా, గుర్తుందా? ఏళ్ళ తరబడి కూర్చున్నా. మిగిలిన చూపంతా ఆ గది గోడ మీదే ఖర్చయిపోయింది. ఇప్పుడు ఏది తల్చుకున్నా ఆ గోడే గుర్తొస్తుంది నాకు."

"అందుకేనా దారంతా నన్ను అడిగింది? కొండలు, గొర్రెలు... నువ్వు చూడలేకపోయినవన్నీ?"

"నా కోసం అడిగాననుకున్నావా, వెర్రివాడా? నాకు చెప్పాలంటే ముందు నువ్వు చూడాలి కదరా."