చుక్కల లెక్క

“కాదు తల్లీ, నేను చెప్పినట్టే రాయి. మధ్యాహ్నం నాలిక కింద గంజాయి నూనె మూడు చుక్కలు. కోడి పులుసు నాలుగు చెంచాలు. జిగురన్నం ముట్టలేదు.”

“రాశాను తాతా.”

థాయ్‌లాండ్‌లో బురీరామ్ దగ్గర, స్తంభాల మీద కట్టిన ఇంటి కింద వెదురు బల్ల మీద కూర్చున్నారిద్దరూ. అంత ఎండలోనూ మనవరాలు స్వెట్టర్ విప్పలేదు. ఆకలి పుట్టడానికి ఆసుపత్రి ఇచ్చిన నూనె ఆమె ఎన్ని చుక్కలు వేసుకుందీ, ఏం తిన్నదీ రోజూ తాత చెబుతాడు, ఆసుపత్రికి పంపే పుస్తకంలో ఆమె రాస్తుంది.

“పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేసింది. పూటకి రెండు గిన్నెలన్నం తింటున్నావటగా! ఇంక చుక్కలు తగ్గిద్దామంది. ఆ రెండు గిన్నెలూ ఎవరు తిన్నారే, మన బాతులా?”

ఆమె పెన్ను ఆగింది.

“చుక్కలేసుకుంటే ఆకలేస్తుంది తాతా. తినడం మొదలుపెడితే ఆపలేనేమోనని భయం. ఆకలి లేనప్పుడే నయం.”

“అందుకని నా పేరు మీద అబద్ధాలు రాశావా?”

“నీకు చదవడం రాదుగా.”

“రాదు. అందుకే నిన్ను నమ్మాను.”

“డాక్టరమ్మకి చెప్పేశావా?”

“లేదు. ముందు నిన్నడుగుదామనుకున్నా. మొన్న మెట్ల మీద పడ్డావు. ఇలా తినకపోతే ఒకరోజు గుండె ఆగిపోతుందని ఆవిడ మొదట్లోనే అంది. గుర్తుందా?”

“ఉంది.”

“అయితే రాయి. ఇందులో ఉన్నదంతా అబద్ధం. మా పిల్ల తినడం లేదు. వెంటనే రండి.”

పెన్ను కదిలింది. ఆయనకు మాత్రం నల్ల గీతలే కనిపించాయి.

“చదవనా తాతా?”

“నాకొద్దు. ఇదిగో ఫోను. డాక్టరమ్మకి చదివి వినిపించు. నేను నీ మొహం చూస్తూ కూర్చుంటా.”