ముత్తెమ్మ మీద పోటీ

రా రా ఏబెలూ, ఆ స్టూలు లాక్కుని కూర్చో. ఏంటది, లడ్డూయా? చేతులకి గంజి ఉంది, నోట్లో పెట్టెయ్. ఏంటి విశేషం? మీ అమ్మ మళ్ళీ ఎంపీటీసీయా! ఏకగ్రీవమా? ఎవరూ నిలబడట్లేదా? శ్రీనివాసరాజు గారు కూడా సరే అన్నారా? ఓహో. మంచిదేరా, మంచిదే. ఆ తోబు ఇలా అందుకో. ఈ అరబ్బోళ్ళ పొడుగు చొక్కాలు, ఈ తోబులతో వచ్చిన చావు ఇదే, ఒక్క మడత అడ్డంగా పడిందంటే మళ్ళీ మొత్తం తడుపుకోవాల. మీ అయ్య శుక్రవారం సెలవునాడు ప్రార్థన అవగానే షిప్‌యార్డున్న హిద్ నుంచి బస్సెక్కి తిన్నగా ఈ లాండ్రీకే వచ్చేవోడు. పేరయ్యంటే షిప్‌యార్డులో అందరికీ తెలుసు. ఓడలకి పరంజా కట్టేవోడు. అంత ఎత్తున ఒంటికాలి మీద నిలబడి పాట పాడేవోడంట. నేల మీదికొస్తే మాత్రం మాట బయటికి రాదు. మరి నీకెక్కడ గుర్తుంటాడులే, రెండేళ్ళకోసారి వచ్చిపోయే మనిషి.

మీ అమ్మ మొదటిసారి నిలబడ్డ ఎలక్షను సంగతి నీకెవరూ సరిగ్గా చెప్పుండరు. రెండువేల ఒకటిలో. అంతకుముందు మనూరి సీటంటే రాజుగారింట్లో కుర్చీ లాంటిది. ఆయన ఎవర్ని చూపిస్తే వాళ్ళు మెంబరు. పోటీయా పాడా? ఒకసారి పాలేరుని చూపిస్తే వాడు ఐదేళ్ళు మండలం మీటింగులో కూడా చేతులు కట్టుకునే నిలబడ్డాడు. కూర్చోరా అంటే, 'వద్దండయ్యా, అలవాటు లేదు' అనేవోడంట. సరే, ఆ ఏడు ఆడోళ్ళకి రిజర్వయ్యింది. ఇక్కడ గుదైబియాలో ఉండే మనూరి కుర్రాళ్ళంతా ఎగిరి గంతేశారు. 'మన ముత్తెమ్మక్కని నిలబెడదాం, రాజుగారికి చూపిద్దాం.' దినార్లు పోగేశారు. ఓవర్‌టైం డబ్బులు, పండక్కి దాచుకున్నవి, ఒకడైతే పెళ్ళి ఉంగరానికి అనుకున్నవి కూడా. అందరిదీ కలిపి పంపించారు. మనూళ్ళో ఎలక్షనుకి అంత డబ్బు అంతకుముందెవరూ చూడలేదు. రాజుగారు చూశారు. చూసి ఏం చేశారంటావ్? ఆయన మనిషితో నామినేషనే వేయించలేదు. మీ అమ్మని ఇంటికి పిలిపించి, కాఫీ ఇప్పించి, అరుగు మీద అందరి ముందూ, 'మన ముత్తెమ్మే కదా, నేనే నిలబెడుతున్నాననుకోండి' అన్నారంట. ఖలాస్. నామినేషన్లకి ఇంకా గడువుండగానే ఎలక్షను అయిపోయింది.

ఇక్కడ కుర్రాళ్ళు బిర్యానీ తెప్పించారు. నువ్వు ఈలలు వినాలి! మీ అయ్య ముద్ద ముట్టలేదు. ఏంట్రా పేరయ్యా, ఒంట్లో బాగోలేదా అన్నాను. 'అది కాదన్నా, ఒక్కడు కూడా ఓటెయ్యకుండా గెలిచిందేంటి? రేపు అది మీటింగులో నోరిప్పితే, నేనిచ్చిన కుర్చీలో కూర్చుని నా మీదే మాట్లాడతావా అనడా ఆయన?' అన్నాడు. పాలేరు సంగతి మనసులో పెట్టుకున్నాడు మరి. ఇంకేం చేస్తాం, దేవుడిచ్చింది తీసుకో అన్నాను. తీసుకుంటే మీ అయ్య ఎందుకవుతాడు! టెలిఫోను కార్డు కొనుక్కుని, మనూరి ఫోను బూత్‌కి చేసి, నరసాయమ్మని పిలిపించాడు. ఆ, ఆవిడే, చేపలమ్ముకునే నరసాయమ్మ. మీ అమ్మకీ ఆవిడకీ పంపు దగ్గర రోజూ యుద్ధమే కదా. 'అత్తా, నువ్వు మా ఆవిడ మీద నిలబడాల' అన్నాడు. ఆవిడేమో, 'తాగున్నావేంట్రా పేరయ్యా?' అందంట. కుర్రాళ్ళ డబ్బు ముట్టలేదురా. తన లీవు జీతం, టిక్కెట్టు డబ్బులు తీశాడు. ఊరెళ్తున్న విక్టరు చేతిలో పెట్టి ఆవిడకి పంపించాడు. ఆ ఏడు ఇంటికెళ్ళాల్సినోడు వెళ్ళలేదు.

నరసాయమ్మ ఊరుకుంటుందా? తీసుకున్న డబ్బుకి న్యాయం చెయ్యాలి కదా. ఆటో కట్టించింది, మైకు పెట్టించింది. చేపలమ్మే గొంతు, ఇంక చూస్కో. 'పంపు దగ్గర బిందె జరపని మనిషి మండలంలో మనకేం జరుపుద్దమ్మా!' అని వీధివీధీ తిరిగింది. జనానికి భలే నచ్చేసింది. రాజుగారు రెండ్రోజులు విన్నారు. గాలి అటు తిరిగిందనుకున్నారు. అరుగు మీదికొచ్చి, 'మన నరసాయమ్మే కదా, నేనే నిలబెట్టాను' అన్నారు. మళ్ళీ కాఫీ. మీ అమ్మ ఒంటరిదైపోయింది. అప్పుడు దిగింది చూడు రోడ్డు మీదికి. నిన్ను చంకనేసుకుని, అంతకుముందు కాలు పెట్టని వీధుల్లోకి కూడా వెళ్ళి, గుమ్మం గుమ్మానికీ నిలబడి అడిగింది. ఎండకి పడిపోతే మజ్జిగిచ్చిన ఇంట్లోనే ఓటు కూడా అడిగిందంట. గెలిచింది. అంటే మరీ ఎక్కువతో కాదు, మన లాండ్రీ ముందు శుక్రవారం చేరేంత మంది తేడా. అయినా గెలిచింది.

ఫోను నా ఎదురుగానే వచ్చింది. రిసీవరు అంత దూరంలో ఉన్నా నాకు వినిపిస్తానే ఉంది. 'ఏవయ్యా, గెలిచాను. ఆ నరసాయమ్మకి డబ్బులు పంపిన వెధవ ఎవడో గానీ, వాడి చేతులు పడిపోను!' మీ అయ్య తాపీగా, 'పడిపోనీలేవే' అన్నాడు. 'నువ్వేంటి, గెలిస్తే వస్తానన్నావ్, రావా?' అంది. 'లీవివ్వలేదే' అన్నాడు. ఫోను పెట్టేసి ఆకలేస్తందన్నా అన్నాడు. రెండు పరోటాలు తిన్నాడు.

తరవాత మీ అమ్మ మొదటి మీటింగులోనే స్కూలు గోడ గురించి రాజుగార్ని నిలదీసిందని పేపర్లో పడితే, ఆ ముక్క కత్తిరించి హెల్మెట్టు లోపల అంటించుకున్నాడు. మళ్ళీ లీవు వచ్చేలోపే ఆ పరంజా మీదే గుండె ఆగిపోయింది. ఆఖరికి నువ్వు చూసింది శవప్పెట్టెనే. ఆ రోజు నరసాయమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చిందంట కదా. దీనికేమైంది అని మీ అమ్మ అనుకుందంట. ఆ డబ్బు సంగతి నరసాయమ్మ ఇన్నేళ్ళూ బయటపెట్టలేదు. మీ అమ్మ ఇప్పటికీ ఆ డబ్బు రాజుగారిదే అనుకుంటా ఉంది కదూ? అనుకోనీ.

లేదురా, నేనేమీ బాధపడట్లేదు. ఏకగ్రీవం అన్నావ్, మంచిదే అన్నాను కదా. కాఫీ ఇచ్చారా ఈసారి కూడా? ఊఁ. ఇంతకీ నామినేషన్లకి ఆఖరు రోజు ఎప్పుడు?

ఎల్లుండా.

నరసాయమ్మ నంబరుందా నీ దగ్గర?