పటేలు చెప్పిన కొవ్వు

ఈదయ్యని ఒగ గౌడుండె, తాళ్ళెక్కి, గదే తాటిచెట్లెక్కి, కల్లు గీసెటోడు. మనిషి లావు. చెట్టు దగ్గరికి పోతె ముందుగాల పొట్ట తాకి తర్వాత చేతులు తాకేవంట, గంత లావు. అయినా ఎక్కుడు దిగుడు ఎన్నడు తప్పలే. ఏమైందంటే, ఓనాడు పటేలు కబురు మోసే సుంకరోడు వాకిట్ల నిలబడి, "ఈదయ్యా, నీకు కొవ్వెక్కిందంటుండు పటేలు. దసర లోపల కరగకుంటె తాళ్ళు వేరేటోనికిస్తడంట" అని చెప్పి పాయె. మీరు అప్పుడే నవ్వుతున్నరు. నవ్వకుండ్రి. ముందు రోజే ఈదయ్య కాలు పెడితె పాత మట్ట ఒకటి ఇరిగి కిందవడ్డది. గది పటేలు చెవుల వడ్డదనుకున్నడు పాపం. ఆయన పెండ్లాం కొంరవ్వ గూడ గదే అనుకున్నది. తాళ్ళు పోతె ఏం తినాలె, ఏడికి పోవాలె అని ఆమె ఆ రాత్రంత మేల్కోనే ఉన్నదంట.

ఈదయ్య ఏమన్నడంటే, "కొవ్వు తింటె కొవ్వు వెడతది, కండ తింటె కండ వెడతది. ఇగ నాకు జొన్న గట్క వద్దు, బువ్వ వద్దు, నూనె చుక్క వద్దు" అన్నడు. కల్లు గూడ బందు వెట్టిండనుకో, గౌడయ్యుండి. ఉరులు పెట్టి కుందేళ్ళను వట్టుకొచ్చుడు, యాడన్న తెల్లగ కొవ్వు కనవడితె గోరుతోని గీకి పారేసుడు, ఉత్త నీళ్ళల్ల ఉడకవెట్టుకోని తినుడు. కోడిగుడ్డయితె తెల్లది మింగి పచ్చసొన అవతల పెట్టెటోడు. మొదట్ల బాగనే ఉండె. పొట్ట తగ్గింది, కొంరవ్వ సంబురపడ్డది. తర్వాత తర్వాత ఏమైందంటే, తట్టెడు మాంసం తిన్నా ఆకలి తీరదంట. తింటడు, ఆకలంటడు. మళ్ళ తింటడు, మళ్ళ ఆకలంటడు. కడుపుల దేవినట్టయితది, కడుపు జారుతది, కండ్లు లోపలికి పోయినై. ఆమెకేం పాలువోలే. పానం ఆగక పులుసుల ఒక్క చుక్క నెయ్యి ఏసింది. మీద మెరుస్తుంటె చూసిండు, ముంత ఎత్తి వాకిట్ల పారవోసిండు. నా తాళ్ళు పోగొడతవా ఏందే అని గరమైండు. "తాళ్ళ కోసమా నేనేడ్సేది? నువ్వు వోతవని ఏడుస్తున్న" అన్నది కొంరవ్వ. ఇంటడా? ఇన్లే.

ఇగ పొద్దు పొడిస్తె ఆమెకు భయమే. ఈదయ్య ఎక్కుతుంటె పోయి చెట్టు కింద నిలబడేది. మనిషి బక్కవడ్డడు గద, నడుముకు సుట్టిన మోకు వదులైంది. బిగించుకుంటడు, మళ్ళ వదులైతది. పైన ఆయన కాళ్ళు వణికితె కింద ఆమెకు చెమటలు. వడ్డడా? వడలే. కల్లు లొట్టి దించిండా? దించిండు. రోజు సచ్చి బతికినట్టే అనుకో.

దసర దగ్గరికొచ్చింది. ఇగ చూపిద్దాం పా అని పటేలు ఇంటికి వోయిండు, ఎనుక కొంరవ్వ, పడితె పట్టుకుంటందుకు. పటేలు అరుగు మీద కూసున్నడు. "పటేలా, చూడుండ్రి, నా కొవ్వు" అన్నడో లేదో, కండ్లు బైర్లు కమ్మి పటేలు కాళ్ళకాడ్నే బోర్ల వడ్డడు. కొంరవ్వ లబలబ మొత్తుకున్నది. పటేలేమో మీసం దువ్విండు. "ఇగో, గిది మంచిగున్నది. కరిగింది పో. ఆనాడు నేను తాళ్ళ కింద పోతుంటె దండం వెట్టినవా? మీది నుంచి చూసినవ్, గంతే. గదీ కొవ్వంటె. తాళ్ళు నీయే, పోయి ఎక్కు" అన్నడంట.

కొంరవ్వ మొగుని తల ఒళ్ళె వెట్టుకోని నీళ్ళు చల్లింది. చెట్టు మీద రెండు చేతులిడిసి దండం వెట్టాల్నా అని నోటిదాక వచ్చింది, మింగింది. ఇంటికి తీస్కపోయి గట్కల నెయ్యి వోసి తినవెట్టింది. తిన్నడు, మెల్లగ కోలుకున్నడు, మళ్ళ పొట్ట గూడ వచ్చింది.

అయితే కథ అయిపాయె అనుకుంటున్నరేమో, కొంరవ్వ భయం అయిపోలే. గప్పటి సంది ఈదయ్య ఏం చేస్తడంటే, చెట్టు మీదికెల్లి పటేలు దూరంగ కనవడితె చాలు, దండం వెట్టాలని గబగబ దిగుతడంట. గౌడోళ్ళనడుగుండ్రి, మనిషి జారేది దిగేటప్పుడే. ఆమె ఇంకా గా చెట్టు కిందనే నిలబడుతది. పటేలు ఇంకో తొవ్వన పోతె ఆయన సొమ్మేం పోతదో, నాకయితె తెల్వది.