ఇరవై సెకన్ల గోడ

నాకు మొదట చెప్పింది సెలూన్ ఆయనేనమ్మా. సగం గడ్డం గీసి, కత్తి ఆపి, "పెద్ద మేస్త్రీ, ఈ తాగుబోతు నువ్వేనా?" అని ఫోను నా ముక్కు కింద పెట్టాడు. మిగతా సగం గీయించుకోకుండానే లేచొచ్చేశాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. తొక్కను కూడా.

కూర్చోండి. ఇలాంటి వీడియోలు మనుషులకి మేలా కీడా అని మీ కాలేజీ పిల్లల చేత వాదన పెట్టిస్తున్నారట. అందులోకి నా గోడ కావలసొచ్చిందా? బాగుంది! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. కాదులెండి, లేవకండి. అడగండి.

ఏముంది అందులో? ఇరవై సెకన్లు. నేను సమ్మెటతో గోడ కొడుతుంటాను, మా బామ్మర్ది చేతులు జోడించి అడ్డం పడుతుంటాడు. కింద "తాగి పేదవాడి కష్టం కూల్చిన ముసలాడు" అని రాశారట. నాకు సంతకం వరకే వచ్చు. జనం రాసిన తిట్లు మనవరాలు చదివిపెట్టింది. కొన్నిచోట్ల దగ్గి దాటేసింది. ఆ దాటేసినవే నాకు బాగా వినబడ్డాయి.

తాగుడా? నేనా? పని మీదుంటే టీ కూడా ముట్టనే!

ఎందుకు కూల్చానంటారా? గోడ కట్టింది బామ్మర్ది. ఓసారి చూసిపొమ్మని ఇంటాయన నన్ను పిలిచాడు. చూశాను. దారానికి ఇనప గుండు, పైన సరిగ్గా గుండంత వెడల్పున్న చెక్క ముక్క, అంతే మా పరికరం. చెక్కని గోడ పై అంచుకి ఆనిస్తే కింద గుండు గోడని తాకీ తాకనట్టు ఊగాలి. ఊగలేదు. గోడకి ఒరుసుకుని ఆగిపోయింది. అంటే గోడ వెనక్కి వాలిందన్నమాట. ఎంత? చీపురుపుల్ల మందం. నవ్వకండమ్మా! కింద పుల్లంత వంకర పైకెళ్లేసరికి అరచేయంత అవుతుంది.

"బావా, నా గుండుతో చూశాను, సరిగ్గానే ఉంది" అన్నాడు వాడు.

"నీ గుండు కూడా నీ బుర్రలాంటిదేరా" అన్నాను. పదిమందీ నవ్వారు. ఆ మాట వీడియోలో తీయలేదు చూశారా!

కోపమా? ఉంది. నా దగ్గర పని నేర్చుకుని, నాకో మాటైనా చెప్పకుండా సొంతంగా పనులు పట్టాడు. పన్నెండేళ్లయింది. అయితే ఏం?

నోరులేనివాళ్లకి ఇది నోరిచ్చిందంటారా? ఏం నోరమ్మా! వాడి తరఫున లక్షమంది నన్ను తిట్టారు. వాడికి ఒక్క గోడ పనైనా దొరికిందా? ఇక్కడ ఇళ్లు కట్టించుకునేవాళ్లేమో, "పెద్ద మేస్త్రీ చుక్క ముట్టడు, ఆయన కూల్చాడంటే గోడ వంకరే" అన్నారు. నాలుగు నెలలుగా వాణ్ని పిలిచిన పాపాన పోయినవాడు లేడు. మా ఆవిడ నాకు కంచం పెడుతుంది, మాట పెట్టదు. తమ్ముడు కదా.

వాడికి పనుల్లేవని మొదట్లో నాకు సంతోషంగానే ఉండేది. దాచడం దేనికి?

మీ ఫోను నా మాటలన్నీ పట్టుకుంటోందా? పట్టుకోనివ్వండి.

పోయిన వారం పనిసంచి దులుపుతుంటే ఆ చెక్క ముక్క చేతికొచ్చింది. ఒక పక్క ఏదో తేడాగా తగిలింది. గోడలకి ఆనించీ ఆనించీ అరిగిపోయింది. ఎంత అరిగిందో చెప్పక్కర్లేదుగా. అరిగిన చెక్కతో చూస్తే దారం గోడకి దగ్గరై, నిలువు గోడ కూడా వాలినట్టే ఉంటుంది. నా కింద పనిచేసే ప్రతివాడి చెక్కా వారం వారం కొలిచేవాణ్ని. నాది నలభై ఏళ్లలో ఒక్కసారీ కొలవలేదు. నాది కొలిచే మొనగాడెవడు?

ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చుగా అంటారా? మూడిళ్లకి వెళ్లాను. "బామ్మర్ది మీద జాలి పడుతున్నావులే, నీ చెయ్యి తప్పు చెప్పదు" అని నవ్వి పంపేశారు. నలభై ఏళ్లు కూడబెట్టిన మంచిపేరు, నా మాటే నమ్మనివ్వడం లేదు!

అందుకే మిమ్మల్ని లోపలికి రానిచ్చాను. మీ పిల్లల వాదనలో ఎవరు గెలిచినా నాకు పనిలేదు. ఆ వీడియో పెట్టినచోటే ఇదీ పెట్టించండి. నా మొహం కనబడాలి, వాడి గోడ నిలువుగా ఉందన్న మాట వినబడాలి.

తాగలేదన్నదా? అది తీసెయ్యండి. రెండూ చెబితే జనం ఒక్కటే పట్టుకుంటారు, అదీ నాకు కలిసొచ్చేదే పట్టుకుంటారు. తాగాడనే అనుకోనివ్వండమ్మా. తాగినవాడు కూల్చాడంటేనే కదా, వాడి గోడలో తప్పు లేదని నమ్ముతారు.